పొట్లం విప్పే ముందు: ఇది దేనితో ఉంది?

నరసరావుపేటలో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్ళి "సోడా ఇవ్వండి" అంటే కొట్టతను వెంటనే పొట్లం కట్టడు. "దేనికండీ?" అంటాడు. బజ్జీల పిండిలోకా, బట్టలకా, సింకు పైపు పూడిపోయిందా? మూడింటికీ మూడు సోడాలు. మూడూ తెల్లగానే ఉంటాయి, మూడింటిలో ఉన్న లోహం కూడా సోడియమే. పక్కన డబ్బాలో ఉన్న ఉప్పులోనూ అదే. ఒకటి తినొచ్చు, ఒకటి మురికి వదలగొడుతుంది, ఇంకొకటి వేలి చర్మాన్ని కొరికేస్తుంది. సోడియం మారలేదు, దాని తోడు మారింది.

ఈ అధ్యాయం చదివాక మీకు అంటుకోవాల్సిన అలవాటు ఆ కొట్టతను అడిగిన ప్రశ్నే. ఏ పొట్లం విప్పినా, ఏ ఎరువు బస్తా కోసినా, ఏ బ్యాటరీ మూత తీసినా ముందు రెండు సంగతులు తేల్చుకోండి: ఇది దేనితో ఉంది, ఇప్పుడు దేనితో కలవబోతోంది?

లిథియం, సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం, ఫ్రాన్షియం. ఇంటర్ పిల్లలు పరీక్ష కోసం వల్లెవేసే క్షార లోహాల వరస ఇది. ఆ వరసకి పైన, లోహం కాకపోయినా, హైడ్రోజన్ కూర్చుని ఉంటుంది. వీటన్నిటికీ చివరి కక్ష్యలో ఉండేది ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని వదిలించుకోవడానికి ఈ లోహాలు పడే తొందర వల్లే భూమిలో ఎక్కడ తవ్వినా ఇవి విడిగా దొరకవు. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కరిగిన పొటాష్‌లోకి కరెంటు పంపి పొటాషియంను, కొద్ది రోజులకే సోడియంను విడదీశాడు. అంతకు ముందు వాటిని లోహంగా చూసినవాళ్ళు లేరు. కత్తితో కోస్తే తెగుతాయి, నీళ్ళ మీద తేలతాయి, తేలుతూనే నీటితో గొడవపడి మండుతాయి. కాలేజీ ల్యాబులో సోడియం ముక్కను కిరసనాయిల్లో ముంచి ఉంచేది అందుకే.

సీజియం కరగడానికి 28.5 డిగ్రీలు చాలు, రుబీడియంకి 39.3. గాలి తగలకుండా గాజు గొట్టాల్లో పెట్టి మే నెల మధ్యాహ్నం మన రెంటచింతల తీసుకెళ్తే రెండూ నీళ్ళలా కారతాయి. సోడియంకి మాత్రం 98 డిగ్రీలు కావాలి. అది రెంటచింతల ఎండ వల్ల కూడా కాదు.

వంటింటి అలమర దగ్గరికి రండి.

వంట సోడా అంటే సోడియం బైకార్బొనేట్. వేడి తగిలినా, మజ్జిగో నిమ్మరసమో తగిలినా అందులోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. మిరపకాయ బజ్జీ పైతొడుగు గుల్లగా ఉబ్బేది ఆ గ్యాసుతోనే. చిటికెడు దాటితే గుల్ల ఎక్కువై బజ్జీ నూనె పీలుస్తుంది, నాలుకకి సబ్బు తగిలినట్టుంటుంది. కారణం ఇది: వేడికి విరిగిన వంట సోడా వెనక మిగిల్చేది సోడియం కార్బొనేట్, అంటే బట్టల సోడా. పులుపు తోడుంటే ఆ మిగులు చాలావరకు సద్దుమణుగుతుంది. పిండిలో పెరుగు వేసే పెద్దవాళ్ళకి ఈ లెక్క చేతికి తెలుసు.

పల్నాడు వంటింట్లో సోడా ఇంకో పనికి కూడా దిగుతుంది. మనది సున్నపురాయి నేల. పిడుగురాళ్ళ సున్నం బట్టీల సంగతి అందరికీ తెలుసు. ఆ రాతి పొరల్లో ఊరిన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. ఆ నీళ్ళతో కందిపప్పు పెడితే ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. కాల్షియం పప్పుగింజ గోడల్ని గట్టిపరచడం వల్ల అది మెత్తబడదు. చిటికెడు సోడా వేస్తే మెత్తబడుతుంది గానీ క్షారం తగిలితే పప్పులోని బి1 విటమిన్ దెబ్బతింటుంది. నా సలహా: పప్పుకి మంచినీళ్ళు వాడండి, గంట ముందు నానబెట్టండి, సోడా జోలికి పోకండి. చింతపండు మాత్రం పప్పు ఉడికాకే. పులుపు ముందు పడినా గింజ బిగుసుకుంటుంది.

అదే బోరు నీటిలో సబ్బు నురగ రాక, బట్టలకి తెల్లటి తెట్టె పడుతుంటే మాత్రం బట్టల సోడా వేయడం సరైన పని. సోడియం కార్బొనేట్ నీటిలోని కాల్షియంను పట్టి అడుక్కి దించేస్తుంది, సబ్బుకి అడ్డు తొలుగుతుంది. మన చాకళ్ళు చవుటి మన్ను తెచ్చి, అందులో బట్టలు తడిపి, ఉబ్బలో పెట్టి ఉడికించిన రోజుల్లో వాడింది ఇదే సోడా. డబ్బు పెట్టి కొనకుండా నేల మీదే గోకి తెచ్చుకునేవాళ్ళు. పొయ్యిలోని బూడిదతో గిన్నెలు తోమడం దీనికి తోబుట్టువు. కందికట్టె, పత్తికట్టె కాల్చిన బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, గిన్నెకి అంటిన జిడ్డుతో కలిసి అది అక్కడికక్కడే కాస్త సబ్బులా పనిచేస్తుంది. సబ్బు గట్టి బిళ్ళగా కావాలంటే సోడియం, మెత్తగా జారేలా కావాలంటే పొటాషియం. గడ్డం క్రీముల్లో పొటాషియం సబ్బు కనిపించేది ఇందుకే.

సోడియంను కంటితో చూడాలనుంటే గ్యాసు పొయ్యి దగ్గర నిలబడండి. పప్పు పొంగి బర్నర్ మీద పడ్డప్పుడు నీలం మంట ఒక్కసారిగా పసుపు కక్కుతుంది. ఆ పసుపు ఉప్పులోని సోడియందే. పొటాషియం అయితే లేత వంకాయ రంగు, లిథియం అయితే ఎరుపు. సీజియం, రుబీడియంల ఉనికిని 1860, 1861 సంవత్సరాల్లో బున్సెన్, కిర్కాఫ్ పట్టుకున్నది ఇలాంటి మంట రంగుల్ని విడదీసి చూసే. మీ పొయ్యి మీద పప్పు పొంగినప్పుడు మీరు చేస్తున్నదీ అదే పని, జర్మన్ ప్రొఫెసర్ల పరికరం లేకుండా.

ఇప్పుడు మూడో సోడా. దీని దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగాలి.

సింకు పైపులు, డ్రైనేజీ గొట్టాలు శుభ్రం చేసే పొడుల్లో ఉండేది కాస్టిక్ సోడా, సోడియం హైడ్రాక్సైడ్. జిడ్డుని సబ్బుగా మార్చి కొట్టుకుపోయేలా చేస్తుంది. చర్మంలోని కొవ్వుకీ అదే గతి పట్టిస్తుంది కాబట్టే ముట్టుకుంటే వేలు జారుతున్నట్టుంటుంది. కలిపేటప్పుడు నీటిలోకి పొడి వేయాలి, పొడి మీద నీళ్ళు పోయకూడదు. తిరగేస్తే ఆ వేడికి మసిలి మొహం మీదికి చిమ్ముతుంది. కంట్లో పడితే ధారగా నీళ్ళు పట్టి కనీసం పావుగంట కడగండి, కడిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపులతో విరగ్గొట్టే ప్రయత్నం అస్సలొద్దు. ఇంట్లో కాస్టిక్ లేకపోయినా అది పుట్టే దారి ఒకటుంది: బట్టల సోడా నీళ్ళలో తడి సున్నం కలిపితే వచ్చేది కాస్టిక్ సోడాయే. సున్నం బస్తా, సోడా పొట్లం ఒకే గూట్లో పెట్టే ఇళ్ళు మన వైపు తక్కువేం కాదు.

కాస్టిక్ సోడా దగ్గరికి రానివ్వకూడని తోడు అల్యూమినియం. మసిబారిన సత్తు గిన్నెని డ్రైనేజీ పొడితో తోమబోతే ఏమవుతుందో చూశారా? ముందు సన్నటి బుడగలు లేస్తాయి, తర్వాత గిన్నె నల్లబడుతుంది, వేడెక్కుతుంది, బుడగలు బుసబుసా పొంగుతాయి. ఆ బుడగలు హైడ్రోజన్.

తిరునాళ్ళలో బెలూన్లవాళ్ళు కొందరు గ్యాసు తయారు చేసుకునేది ఈ రెంటినీ పాత సిలిండర్‌లో మూసిపెట్టే. హీలియం అంటుకోదు, కానీ ఖరీదు. హైడ్రోజన్ చవక, తేలిక, బెలూన్‌ని గట్టిగా పైకి లాగుతుంది. అయితే ఆ సిలిండర్ లోపల చర్య మొదలయ్యాక దాన్ని ఆపే మీట ఎవరి చేతిలోనూ ఉండదు. వేడి పెరిగినకొద్దీ చర్య వేగం, వేగం పెరిగినకొద్దీ వేడి. తుప్పు తిన్న సిలిండర్ ఆ ఒత్తిడికి ఆగకపోతే పేలుతుంది. మన దేశంలో జాతర్లలో, సంతల్లో ఇలా సిలిండర్లు పేలి ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవండి. త్రికోటేశ్వరుడి తిరునాళ్ళ రాత్రి కొండ కింద జనం, కరెంటు దీపాల ప్రభలు, వాటి వెంట తీగలు, టీ బండ్ల మంటలు. ఆ మధ్యలో పిల్లాడి చేతిలో గ్యాసు బెలూన్ల గుత్తి. గాలిలో 4 నుంచి 75 శాతం మధ్య ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకోగలదు, ఒక్క నిప్పురవ్వ చాలు. పగటిపూట దాని మంట దాదాపు కంటికి కనపడదు కూడా. బెలూన్ చూసి లోపలున్నది హీలియమో హైడ్రోజనో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి హైడ్రోజనే అనుకుని మసలుకోండి. నింపే సిలిండర్ దగ్గర పిల్లల్ని నిలబెట్టకండి. బెలూన్ల గుత్తిని కారులో అద్దాలెత్తి తీసుకెళ్ళకండి. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తులు వెలిగేచోట అసలు కట్టకండి. పిల్లాడు ఏడుస్తాడంటారా, ఊదిన మామూలు బెలూన్ కొనివ్వండి.

ఎండాకాలం ఒంట్లోకి వెళ్దాం. చెమటలో పోయేది నీరొక్కటే కాదు, సోడియం కూడా. విరేచనాలు పట్టుకుంటే సోడియం, పొటాషియం రెండూ పోతాయి. ఆ స్థితిలో ఉత్త నీళ్ళు తాగించినా ఒంటికి పట్టవు. సోడియం పేగు గోడ దాటడానికి గ్లూకోజు తోడు కావాలి. రెండూ కలిసి దాటితే వాటి వెంట నీరు వెళ్తుంది. ఓఆర్ఎస్ అంతా ఈ ఒక్క జత మీద నిలబడింది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని కాపాడారు. ఇప్పటి ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళు లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. ప్యాకెట్ మీద ఈ అంకెలు చూసే కొనండి. పంచదార ఎక్కువైతే పేగులోకి నీరు ఎదురు లాగి విరేచనాలు పెరుగుతాయి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలకి ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకోవడం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చిన్న చెంచా, పైన తలకొట్టి కొలవాలి.

మామూలు రోజుల్లో కథ తిరగబడుతుంది. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే ఒక చిన్న చెంచా. పండుమిరప పచ్చడి, గోంగూర, మజ్జిగ మిరపకాయలు, అప్పడం, ఇవన్నీ ఒకే విస్తట్లో పడే మన భోజనంలో ఆ చెంచా ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. పచ్చడి మానమని నేను చెప్పలేను, చెప్పినా వినేవాళ్ళు లేరు. పచ్చడి వేసుకున్న పూట కూరలో, మజ్జిగలో ఉప్పు తగ్గించండి. బీపీ ఉన్నవాళ్ళ కోసం తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతున్నారు. అందులో సోడియం క్లోరైడ్‌లో కొంత తీసి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. చాలామందికి మేలే. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకి, టెల్మిసార్టన్, స్పిరొనొలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్ళకి మాత్రం ఒంట్లో పొటాషియం పేరుకుపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. డాక్టర్ని అడక్కుండా ఆ ఉప్పుకి మారకండి.

లిథియం అనగానే సెల్‌ఫోన్ బ్యాటరీ గుర్తొస్తుంది. ఉబ్బిన ఫోన్‌ని చార్జింగ్ పెట్టొద్దని, ఎలక్ట్రిక్ స్కూటర్‌ని ఎండలో తిరిగొచ్చిన వెంటనే గుమ్మానికి అడ్డంగా పెట్టి చార్జ్ చెయ్యొద్దని మీకు చాలామంది చెప్పే ఉంటారు. తక్కువమంది చెప్పేది ఇంకొకటుంది. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మానసిక రోగులకి లిథియం పనిచేస్తుందని చూపించారు, బైపోలార్ జబ్బుకి నేటికీ లిథియం కార్బొనేట్ మాత్రలు రాస్తారు. మూత్రపిండాలు లిథియంను సోడియం పోలికలోనే చూస్తాయి. ఎండదెబ్బకి చెమట కారి ఒంట్లో సోడియం తగ్గితే, ఉన్న లిథియంను బయటికి పోనివ్వకుండా పట్టేసుకుంటాయి. మోతాదు మారకపోయినా మందు విషమవుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాత్రలు వేసుకుంటుంటే మే నెలలో మిరప కల్లాల్లో పనికి పంపకండి, ఉప్పు ఒక్కసారిగా మాన్పించకండి, కీళ్ళనొప్పులకి మందుల షాపులో అడిగి బిళ్ళలు తెచ్చివ్వకండి. చేతులు వణకడం, వాంతులు, తూలుడు కనిపిస్తే రక్తపరీక్ష ఆ రోజే చేయించాలి.

ఇక పొలం. ఎరువుల షాపులో "పొటాష్" అని అడిగితే వచ్చేది మ్యూరేట్ ఆఫ్ పొటాష్, పొటాషియం క్లోరైడ్. 60 శాతం అని రాసి ఉంటుంది, అంటే 50 కిలోల బస్తాలో 30 కిలోలు. ఆ లెక్క ఆక్సైడు లెక్క, అసలు పొటాషియం దాదాపు 25 కిలోలు. తోడు క్లోరైడు కావడం వరికి, పత్తికి పెద్ద ఇబ్బంది కాదు. పొగాకుకి మాత్రం పనికిరాదు. క్లోరైడు ఎక్కువైన ఆకు సరిగ్గా కాలదు, కొనేవాడు పక్కన పెడతాడు. అందుకే పొగాకుకి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. కాయ ఊరే దశలో ఆకుల మీద చల్లే 13-0-45లో పొటాషియంకి తోడు నైట్రేట్. లోహం ఒక్కటే, బస్తాలు మూడు, ధరలు మూడు. దేనికి డబ్బు పెడుతున్నారో తెలిసే పెట్టండి. మన నల్లరేగడిలో పొటాషియం సాధారణంగా బాగానే ఉంటుంది, పక్క చేనాయన వేశాడని వేసే ముందు మట్టి పరీక్ష చేయించండి. పొటాష్ మన దేశంలో దాదాపు అంతా దిగుమతి సరుకే.

డ్రిప్పు ఉన్న మిరప రైతులకి ఒక హెచ్చరిక. 0-0-50 (అంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్), కాల్షియం నైట్రేట్ ఒకే ట్యాంకులో కలపకండి. సల్ఫేటు పోయి కాల్షియంని పట్టుకుంటుంది, ట్యాంకులోనే జిప్సం పుడుతుంది, డ్రిప్పర్లు పూడుకుపోతాయి. ఒకటి ఇవాళ, ఒకటి ఇంకో రోజు.

ట్యాంకులో మిమ్మల్ని చెడగొట్టే ఆ జిప్సమే చౌడు నేలలో మందు. సాగర్ కాలవ నీళ్ళొచ్చాక మురుగు పోయే దారి లేని పల్లపు పొలాల్లో చౌడు పెరగడం ఆయకట్టు రైతులు ఎరిగినదే. చౌడు రెండు రకాలు, మందు కూడా వేరు. పాల చౌడులో పైన తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. ఉప్పు ఉప్పుగానే ఉంది కాబట్టి మడి కట్టి మంచినీళ్ళు నిలబెట్టి తీసేస్తే కడుక్కుపోతుంది. కారు చౌడులో సోడియం వెళ్ళి బంకమన్ను రేణువుకి అంటుకుంటుంది. తడిస్తే మట్టి జారి బురదై నీరు ఇంకదు, ఎండితే రాయి. పీహెచ్ 8.5 దాటుతుంది. ఎన్ని నీళ్ళు పెట్టినా సోడియం వదలదు, దాని చోట కాల్షియంను కూర్చోబెట్టాలి. "పిడుగురాళ్ళ సున్నం పక్కనే ఉందిగా, అది చల్లితే పోలా" అని అడిగే రైతులున్నారు. పోదు. సున్నం చల్లితే పీహెచ్ ఇంకా పెరుగుతుంది, సున్నపురాయి పొడి అయితే ఆ క్షార నేలలో కరగనే కరగదు. జిప్సం కరుగుతుంది. దాని కాల్షియం మట్టికి చేరుతుంది, వదిలిన సోడియం సల్ఫేటుని తోడు చేసుకుని నీటిలోకి వస్తుంది. ఆ నీటిని బయటికి పంపే మురుగు కాలవ లేకపోతే జిప్సంకి పెట్టిన డబ్బు దండగ. ఎకరాకి ఎంతన్నది మట్టి పరీక్షే చెప్పాలి. చౌడు, ఉప్పునీళ్ళ మీద బాపట్లలో ఏళ్ళుగా పరిశోధన జరుగుతోంది, మీ వ్యవసాయాధికారిని ఆ సలహాలు అడగండి. జిప్సం వేసి నీళ్ళు తీశాక జీలుగ చల్లి పూతకొచ్చాక కలియదున్నితే నేల త్వరగా తేరుకుంటుంది.

హైడ్రోజన్ పల్నాడు రైతుకి రోజూ తగిలేది యూరియా బస్తాలో. గాలిలోని నత్రజనికి హైడ్రోజన్‌ని కలిపితే అమ్మోనియా, దాన్నుంచి యూరియా. ఆ హైడ్రోజన్‌ని ఇప్పటిదాకా ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తున్నారు. అనకాపల్లి జిల్లా పూడిమడకలో, నీటిని కరెంటుతో చీల్చి హైడ్రోజన్ తీసేందుకు తలపెట్టిన పెద్ద కేంద్రానికి 2025 జనవరి 8న ప్రధాని విశాఖపట్నం నుంచి శంకుస్థాపన చేశారు. కిలో హైడ్రోజన్‌కి కనీసం 9 లీటర్ల నీరు, సుమారు 50 యూనిట్ల కరెంటు కావాలి. అది చవకగా వచ్చేదెప్పుడో చూద్దాం. పత్తిగింజల నూనెలాంటి వాటికి నికెల్ సాయంతో హైడ్రోజన్ ఎక్కిస్తే గడ్డకట్టిన వనస్పతి అవుతుంది, సగంలో ఆపితే ట్రాన్స్ కొవ్వులు మిగులుతాయి. 2022 జనవరి నుంచి వీటికి 2 శాతం హద్దు ఉంది. బేకరీ బిస్కెట్ ప్యాకెట్ వెనక "హైడ్రోజనేటెడ్" అన్న మాట కోసం ఒకసారి వెతకండి.

మీ ఇంట్లోనే నీటిని చీల్చే యంత్రం ఒకటి ఉంది, ఇన్వర్టర్ బ్యాటరీ. చార్జింగ్ చివరికొచ్చేసరికి లోపలి నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ అయి మూతల రంధ్రాల్లోంచి పోతుంది. మీరు కొన్ని నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి రావడానికి ముఖ్య కారణం అదే. బోరు నీళ్ళు పోస్తే అందులోని లవణాలు పలకల్ని తినేస్తాయి. చోటు లేదని మెట్ల కింద చెక్క తలుపుల గూట్లో బ్యాటరీ బిగించి, ఆ గూటి పైనే దేవుడి పటం పెట్టి దీపం వెలిగించే ఇళ్ళున్నాయి. హైడ్రోజన్ పైకే పోతుంది. దీపాన్ని ఇంకో గదిలోకి మార్చండి, గూటి తలుపుకి పైనా కిందా రంధ్రాలు కొట్టించండి. నీళ్ళు పోసే ముందు స్విచ్ ఆపి, కిటికీ తీసి, కాసేపాగి మూతలు విప్పండి. మట్టం కనపడకపోతే ఫోన్ టార్చి వేసుకోండి, అగ్గిపుల్ల గీయకండి.